రూతమ్మ టీకా కార్డు

నేను ఒక టీకా కార్డును. టీకా కార్డు అనగానే మీకు పసిపిల్ల బొమ్మ, పక్కన నవ్వుతున్న తల్లి బొమ్మ గుర్తొస్తాయేమో. నాకంత ముచ్చట లేదు. నేను పెద్దవాళ్ళ కార్డును. పెద్దవాళ్ళకీ టీకాలుంటాయని మన ఊళ్ళలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా కుక్క కరిస్తే తప్ప చెయ్యి చాపరు. అందుకే నా ఒంటి మీద పేరు, వయసు, చేసే పని రాసుకోవడానికి మూడు గీతలు, వాటి కింద మూడు గళ్ళు అచ్చు వేసి వదిలేశారు. పైన మాత్రం లావుపాటి అక్షరాల్లో 'హెపటైటిస్ బి' అని ఉంటుంది. కాలేయాన్ని తినేసే కామెర్ల జబ్బు అది. రక్తం ద్వారా అంటుకుంటుంది.

చీరాలలో ఒక చిన్న ప్రెస్సులో మమ్మల్ని నలభైమందిని ఒక్క పూటలో అచ్చు వేశారు. అదే మెషీను మీద మాకు ముందు ఒక శుభలేఖ, మా తర్వాత ఒక పెద్దకర్మ కార్డు. పెళ్ళికీ పెద్దకర్మకీ నడుమ మనిషి చేసుకోవలసిన పనులు కొన్ని ఉంటాయని ఆ ప్రెస్సాయనకు తట్టి ఉండదు గానీ, నాకు అప్పుడే తట్టింది.

అక్కడినుంచి రైలుగేటు అవతలున్న ఒక నర్సింగ్‌హోముకు చేరాం. చేరి, సూపర్‌వైజర్ పానకాలు బీరువాలో రెండు నెలలు పడుకున్నాం. పానకాలు పారిశుధ్యం పని చూసే పెద్దమనిషి. యాభై ఆరేళ్ళుంటాయి. షుగరుంది. జనరేటరు గది వెనక రోజుకు డజను సిగరెట్లు కాలుస్తాడు. తనిఖీ వాళ్ళు వస్తున్నారని కబురు అందిన రోజున ఆయనకు మేము గుర్తొచ్చాం. పనివాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, పేరు పిలిచి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క కార్డు పెట్టాడు. నేను రూతమ్మ చేతిలో పడ్డాను.

రూతమ్మకు నలభై రెండేళ్ళు. సన్నగా ఉంటుంది, అడుగు మాత్రం గట్టిగా పడుతుంది. ఆసుపత్రిలో వాడి పారేసిందంతా ఆమె చేతుల మీదుగానే బయటికి పోవాలి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, గొట్టాలూ సీసాలూ ఎర్ర సంచిలోకి, సూదులు తెల్ల డబ్బాలోకి. డాక్టర్లు, నర్సులు వేసింది వేసినట్టు పోతారు. తప్పుగా వేసినదాన్ని తీసి సరిగా వెయ్యడం రూతమ్మ పని. ఆ ఆసుపత్రిలో సూదికి అందరికన్నా దగ్గరగా బతికే మనిషి ఆమే, కానీ టీకాల వరసలో చివర నిలబెట్టిందీ ఆమెనే.

ఆ ఆసుపత్రిలో ఎవరికీ తెలియని సంగతి ఒకటి, నేను ఆమె సంచిలో చేరిన మొదటి వారంలోనే తెలుసుకున్నాను. రూతమ్మకు హెచ్ఐవి ఉంది. తొమ్మిదేళ్ళయింది. ఆమె భర్త యోనాకూ ఉంది. ఇద్దరూ బస్సులో గంట దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళి, ఏఆర్‌టీ సెంటర్లో మాత్రలు తెచ్చుకుంటారు. ఎలా వచ్చిందో ఆమె నాకు చెప్పలేదు. అది అడగాల్సిన ప్రశ్నేనని నేనూ అనుకోలేదు.

నేను రాకముందు ఏడాది, వాళ్ళ పేటకు చెందిన ఒకామెకు ఆ సెంటర్లో చీటీలు రాసే ఉద్యోగం వచ్చింది. తనను చూస్తే పేటంతా చెప్తుందని రూతమ్మ భయపడి ఏడు నెలలు మాత్రల మొహం చూడలేదు. ఎనిమిదో నెలలో జ్వరం మంచం మీద పడేసింది. యోనా ఆమెను ఆటోలో ఎక్కించి తీసుకుపోయాడు. రక్తంలో జబ్బుతో పోరాడే సీడీ ఫోర్ కణాలు ఐదువందల దరిదాపుల్లో ఉండాల్సినవి నూట అరవైకి పడిపోయాయి. మళ్ళీ మాత్రలు మొదలుపెట్టింది. సరిగ్గా రెండు నెలలకు పానకాలు పేరు పిలిచాడు.

మొదటి సూది ఆ రోజే పడింది. నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. మూడు గళ్ళలో మూడు తేదీలు, మూడు ముద్రలు. వస్తామన్న తనిఖీ వాళ్ళు వాయిదాలు వేసుకుని అప్పటికి వచ్చి, కార్డులన్నీ పేకముక్కల్లా తిరగేసి, బాగుందన్నారు. నేనూ గర్వపడ్డాను. దాచుకోవడం ఎందుకు, నాలాంటి నిండు కార్డు ఇంకొకటి లేదనుకున్నాను.

ఆ గర్వం దించింది డాక్టర్ సుభాషిణి. ఏఆర్‌టీ సెంటర్లో రూతమ్మను చూసే డాక్టరామె. మాత్రలకు వెళ్ళిన రోజున రూతమ్మ నన్ను తీసి బల్ల మీద పెట్టింది.

"టీకా వేశారు, మంచిదే," అంది డాక్టరమ్మ. "పట్టిందో లేదో చూశారా?"

"పట్టటమేంది అమ్మా? సూది వేశాక పట్టకుండా యాడికి పోద్ది?"

"అందరికీ పట్టదు రూతమ్మా. నీ ఒంట్లో శక్తి బాగా పడిపోయిన రోజుల్లో వేశారు ఇది. ఒకసారి రక్తం చూద్దాం. రక్షణ ఎంతుందో ఒక అంకె వస్తుంది. పది దాటితే పట్టినట్టు."

వారం తర్వాత అంకె వచ్చింది. నాలుగు.

నాకు అప్పుడు కలిగిన సిగ్గు మీకెలా చెప్పను? నా ఒంటి మీద మూడు ముద్రలున్నాయి. ఆమె ఒంట్లో ఏమీ లేదు. నేను అబద్ధపు కార్డునైపోయాను. నేనేమీ చెయ్యకుండానే, నా ముఖం చూసి నమ్మినవాళ్ళ దయవల్ల.

రూతమ్మ నా మీది మూడు ముద్రలూ ఇంకోసారి చూసుకుంది. తర్వాత, "మా జబ్బుకి టీకాలు పనిచెయ్యవా అమ్మా?" అంది.

"అట్లా ఎవరైనా అంటే నమ్మమాక," అంది డాక్టరమ్మ. "పనిచేస్తాయి. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా నువ్వు అందరికన్నా ముందు వేయించుకోవాలి. బతికున్న క్రిములతో చేసే టీకాలు కొన్ని ఉన్నాయి, అవి మాత్రం సీడీ ఫోర్ రెండొందలు దాటేదాకా వద్దంటాం. ఇక ఈ కామెర్ల టీకా ఉందే, ఇది కొంచెం మొండిది. మీలో కొందరికి మామూలు మోతాదు చాలదు. టీకా పని శత్రువెవడో చూపించటం వరకే. గుర్తుపెట్టుకోవాల్సింది నీ ఒళ్ళు. ఒళ్ళు జ్వరపడి మూలుగుతున్నప్పుడు చూపిస్తే ఏం గుర్తుంటుంది? ఇప్పుడు నీ రక్తంలో వైరస్ కనపడనంత తగ్గింది. సీడీ ఫోర్ నాలుగొందల ముప్పై. మళ్ళీ మొదటినుంచి వేద్దాం, ఈసారి రెట్టింపు మోతాదు, నాలుగు సార్లు."

"ఈసారైనా పడతదా?"

"పడుతుందని రాసివ్వలేను. ఇట్లా రెండోసారి వేసినవాళ్ళలో సగానికి పైగా మందికి పట్టింది. కొందరికి అప్పుడూ పట్టలేదు. అబద్ధం చెప్పను."

నాకు ఆ డాక్టరమ్మ మీద గౌరవం కలిగింది అందుకే. ఒట్టు వెయ్యని డాక్టరు అరుదు.

చీటీ పట్టుకుని టీకాల గదికి వెళ్తే అక్కడ సిస్టర్ లీలావతి ఉంది. ఆమె చీటీ చదివింది, నన్ను చదివింది, మళ్ళీ చీటీ చదివింది.

"మూడూ అయిపోయినయ్యి గదమ్మా. ఇంకా నాలుగంటే ఎనిమిది మోతాదులు. మీలాంటోళ్ళకి పట్టదు. ఎందుకు దండగ చెయ్యటం?"

గదిలో ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. 'మీలాంటోళ్ళు' అంటే ఎవరో వాళ్ళకు అర్థమయ్యేలాగే అంది. అలాంటి మాటకు పేటలో భయపడి ఏడు నెలలు మాత్రలు మానేసిన మనిషి రూతమ్మ. ఈమె ఇప్పుడు వెనక్కి తిరిగి బస్సెక్కుతుందనుకున్నాను. ఆమె కుర్చీలో కూర్చుని జాకెట్టు చెయ్యి పైకి లాగింది.

"సిస్టరుగారూ, పోయినేడు వాన పడలేదని ఈ ఏడు విత్తనం వెయ్యకుండా ఉన్నారా జనం? మీరు వెయ్యండి. పట్టకపోతే మళ్ళా వొచ్చి మీకే చెప్తా."

లీలావతి చీటీ కింద పెట్టింది. నన్ను తిరగేసి, వెనక ఖాళీగా ఉన్నచోట స్కేలు పెట్టి నాలుగు గళ్ళు గీసింది. గీతలు కొంచెం వంకరగా వచ్చాయి. అయినా అచ్చులో పుట్టిన నా మూడు గళ్ళకన్నా నాకు అవే ఇష్టం.

రెండో మోతాదు అయిన పది రోజులకు జరిగింది అసలు సంగతి. పొద్దున తొమ్మిదింటికి రూతమ్మ డయాలసిస్ గదిలోని ఎర్ర సంచి మూతి కడుతోంది. ఎవరో తొందరలో తెల్ల డబ్బాలో వెయ్యవలసిన సూదిని అందులో వేశారు. అది సంచి చీల్చుకుని, గ్లోవ్ చీల్చుకుని, ఆమె బొటనవేలి కింద దిగింది. పక్కనే ఉన్న మస్తానమ్మ, రూతమ్మతో పాటు పనిచేసే మనిషి, సంచి లాగి పక్కన పడేసి ఆమెను పంపు దగ్గరికి లాక్కుపోయింది. సబ్బు పెట్టి కడుగుతుంటే నీళ్ళు కాసేపు ఎర్రగా పారాయి. ఆ పొద్దున ఆ మంచం మీద డయాలసిస్ చేయించుకున్నాయనకు కామెర్ల బి ఉందని అందరికీ తెలుసు. ఆయన మంచానికి పసుపు అట్ట కట్టి ఉంటుంది.

డ్యూటీ గదిలోకి పానకాలు వచ్చాడు, ఒక చిన్న డాక్టరూ వచ్చాడు. పానకాలు బీరువాలోంచి ఫైలు తీసి చూపించాడు.

"రూతమ్మకి మూడు డోసులూ అయినయ్ సార్. రికార్డులో ఉంది. ఏం పర్లేదు. కట్టు కట్టి పంపిద్దాం."

చిన్న డాక్టరు తల ఊపాడు. రూల్సు ప్రకారం అతను చేసింది తప్పు కాదు. అతను చదివిన కాగితమే తప్పు. ఆ కాగితం నా కవలే. నా ముందువైపు తేదీలే అందులోనూ ఉన్నాయి.

రూతమ్మకు రెండు దారులున్నాయి. నోరు మూసుకుని కట్టు కట్టించుకుని వెళ్ళిపోవచ్చు. లేదా ఆ కాగితం అబద్ధమని చెప్పాలి, చెప్తే ఎందుకు అబద్ధమో కూడా చెప్పాలి. నేను ఆమె సంచిలో ఉన్నాను. ఆమె చెయ్యి సంచిలోకి వచ్చి నన్ను వెతికింది. బయటికి తీసి, వెనకవైపు పైకి వచ్చేలా బల్ల మీద పెట్టింది.

"ఆ మూడూ నాకు పట్టలేదు సార్. రక్తం చూస్తే నాలుగే వొచ్చింది. మళ్ళా వేయించుకుంటన్నా, రెండే అయినయ్. నాకు రక్షణ సూది ఇయ్యాళే వెయ్యాలి."

"నీకెందుకు టెస్ట్ చేశారు?" అన్నాడు చిన్న డాక్టరు, నిజంగానే అర్థంకాక.

"నాకు హెచ్ఐవి ఉంది. తొమ్మిదేళ్ళనుంచి మాత్రలు వేసుకుంటన్నా."

ఆ చిన్న డాక్టరును నేను మెచ్చుకుంటాను. మారు ప్రశ్న వెయ్యకుండా, రూతమ్మ చెప్పిన నంబరుకు ఫోను చేసి డాక్టర్ సుభాషిణితో మాట్లాడాడు. రూతమ్మ వేసుకునే మాత్రల్లో కామెర్ల వైరస్‌ను అణిచే మందు కూడా ఉందనీ, అది కొంత కాపలా అనీ, అయినా దాన్ని నమ్ముకుని ఊరుకోవద్దనీ అవతల నుంచి చెప్పినట్టుంది. మధ్యాహ్నంలోపు ఇమ్యునోగ్లోబులిన్ సూది తెప్పించి వేశారు. అంటే ఎవరో ఇతరుల రక్తంలో తయారైన రక్షణను అరువు తెచ్చి ఒంట్లో పెట్టడం. అరువు అరువే, కొన్ని నెలలు ఉంటుంది. ఆ కొన్ని నెలలే కావాలి.

పానకాలు మాత్రం గుమ్మం దగ్గర నిలబడి, ఆమె వైపు చూడకుండా, "రేపట్నుంచి నువ్వు రామాక రూతమ్మా. పెద్దసారుతో మాట్లాడి కబురు చేస్తా," అన్నాడు.

సంగతి ఆసుపత్రంతా పాకింది. ఆ సాయంత్రం మస్తానమ్మ రూతమ్మ ఇంటికొచ్చింది. కోపంగా ఉంది.

"మూడేళ్ళు ఒక్క గిన్నెలో తిన్నాం. నాకు చెప్పాలని అనిపించలా?"

"చెప్తే తినేదానివా?"

"ఏమో. తినకపోదునేమో," అంది మస్తానమ్మ నిజాయితీగా. తర్వాత గడపలో కూర్చుంది. "ఇప్పుడు తింటా. ఏం వండావు?"

రూతమ్మ ఆ పూట చేపల పులుసు వండింది. మస్తానమ్మ రెండోసారి కూడా వేయించుకుంది.

మర్నాడు రూతమ్మ మామూలు వేళకే పనికి వెళ్ళింది. కట్టు కట్టిన చెయ్యి కొంగులో దాచలేదు. పానకాలు అడ్డం వస్తే, "పెద్దసారుతో నేనే మాట్లాడతా," అని లోపలికి నడిచింది. ఆసుపత్రి యజమాని డాక్టర్ రంగనాయకులు మర్యాదస్తుడు, గట్టిగా మాట్లాడడు. పేషెంట్లు భయపడతారనీ, ఆమె మంచికే చెప్తున్నాననీ, కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండమనీ అన్నాడు.

"నేను పేషెంట్లకి సూదులు వెయ్యను సార్. వాళ్ళు పారేసిన సూదులు ఏరతా. నానుంచి వాళ్ళకేం రాదు, వాళ్ళనుంచే నాకు రావాలి. నిన్న అదే జరిగింది."

"నేను నిన్ను తప్పు పట్టటంలేదమ్మా."

"పనిలోంచి తీసేస్తే తియ్యండి సార్. కానీ కాగితం మీద రాసివ్వండి. ఫలానా జబ్బు ఉందని ఫలానా రూతమ్మని తీసేశామని. కింద సంతకం పెట్టండి. అట్లా తియ్యకూడదని చట్టం ఉందంట, డాక్టరమ్మ చెప్పింది. ఆ కాగితం పట్టుకుని యాడికి పోవాలో అది కూడా చెప్పింది."

రంగనాయకులు కలం తీశాడు. మూత పెట్టాడు. మనుషులు మర్యాదగా ఎన్నో మాటలు అంటారు గానీ, వాటిని రాయమంటే చేతులు రావు. కాగితాన్ని కాబట్టి నాకు ఆ సంగతి బాగా తెలుసు.

"పోయి పని చూసుకో," అన్నాడు.

ఆమె కదల్లేదు. "ఇంకొకటి సార్. ఫైల్లో అందరికీ మూడు ముద్రలున్నయ్. ఎవరికి పట్టిందో ఎవరికి తెలుసు? నాకు జబ్బుంది గాబట్టి నాది చూశారు. జబ్బు లేనోళ్ళవి ఎవరూ చూళ్ళా."

ఆ మాట ఆయనలోని యజమానికి నచ్చలేదు, డాక్టరుకు నచ్చింది. రెండు వారాలు పట్టింది నిర్ణయించుకోవడానికి. చివరికి వార్డుల్లో, డయాలసిస్ గదిలో, చెత్త దగ్గర పనిచేసే మిగతా ముప్పై ఒక్కమందికీ రక్తం తీయించాడు. పానకాలు అందరినీ వరసగా నిలబెట్టి, తనూ వరస చివర నిలబడ్డాడు.

ఇరవై ఎనిమిది మందికి పది దాటింది. మస్తానమ్మకు ఐదువందల చిల్లర. వారం రోజులు ఆమె ఆ అంకెను కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది. ముగ్గురికి దాటలేదు. అందులో ఒక ముసలి ఆయా, ఒక వాచ్‌మన్, పానకాలు. పానకాలు అంకె రెండు. పైబడ్డ వయసు, షుగరు, సిగరెట్లు కూడా ఈ టీకాను పట్టనివ్వవట.

నేను సంతోషించానని చెప్పడానికి వెనకాడను. కాగితానికి కూడా కక్ష ఉంటుంది. కానీ రూతమ్మ సంతోషించలేదు. ఆ సంగతి తెలిసినప్పుడు, "అయ్యో, ఆయన రోజూ డయాలసిస్ గదిలో తిరుగుతాడే," అంది అంతే.

ఆమె మూడో మోతాదు, నాలుగో మోతాదు అనుకున్న తేదీలకే వేయించుకుంది. మాత్రలు ఒక్క రోజూ తప్పలేదు. చీటీలు రాసే పేట మనిషి ఒకరోజు ఎదురుపడితే, ఈమే ముందు పలకరించి తన నంబరు చెప్పి చీటీ రాయించుకుంది. అరువు తెచ్చిన రక్షణ పూర్తిగా కరిగిపోయేదాకా ఆగి, సూది గుచ్చుకున్న ఆరున్నర నెలలకు డాక్టరమ్మ మళ్ళీ రక్తం తీయించింది. ఫలితం వచ్చిన రోజు యోనా కూడా వచ్చాడు. కామెర్లు అంటలేదు. రక్షణ అంకె నూట అరవై నాలుగు.

యోనా బయటికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు. రూతమ్మ నన్ను బల్ల మీద డాక్టరమ్మ ముందుకు జరిపి, "ఆ అంకె దీని మీద రాయండమ్మా," అంది. డాక్టరమ్మ రాసి, తేదీ వేసి, సంతకం పెట్టింది. నేను నిజమైన కార్డునైంది అప్పుడే.

నాలుగు రోజుల తర్వాత, రూతమ్మ సంచుల మూతులు కడుతుంటే పానకాలు వచ్చి పక్కన నిలబడ్డాడు. తన అంకె రెండని తెలిసిననాటినుంచి ఆయన ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఎక్కడా ఏమీ వేయించుకోకుండా తిరుగుతున్నాడు. జేబులోంచి తన కార్డు తీశాడు. నా కవల, ఒకే పూట పుట్టినవాళ్ళం.

"రూతమ్మా, నీకు రెండోసారి వేశారే... అది యాడ వేస్తారు?"

ఆమె సంచి ముడి గట్టిగా బిగించింది. రామాక అన్న మనిషి మొహం కేసి ఒకసారి నిదానంగా చూసింది. ఆ చూపు ఆయనకు చాలినంత ఉంది. తల దించుకున్నాడు.

"సోమవారం నేను మాత్రలకి పోతన్నా. ఏడింటి బస్సుకి రండి. కార్డు మర్చిపోమాకండి."

సోమవారం టీకాల గది ముందు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా వదిలి. పానకాలు సిగరెట్టు కాల్చలేక వేళ్ళు నలుపుకుంటున్నాడు.

"మళ్ళా పట్టకపోతే?" అన్నాడు.

"పట్టకపోతే పట్టలేదని తెలుస్తది. తెలీకుండా తిరిగేదానికన్నా నయం గదా."

"నీకు భయమెయ్యలా, ఆ రోజు అందర్లో చెప్పటానికి?"

"వేసింది. ఇప్పటికీ వేస్తది."

లోపలినుంచి సిస్టర్ లీలావతి ఆయన పేరు పిలిచింది. పానకాలు లేచి, చొక్కా చెయ్యి మడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు.

నేనిప్పుడు రూతమ్మ ఇంట్లో గోడకున్న సంచిలో ఉంటున్నాను, ఏటా ఒకసారి డాక్టరమ్మ బల్ల ఎక్కుతాను. నూట అరవై నాలుగు అనేది శాశ్వతం కాదట. కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది, తగ్గితే ఇంకో మోతాదు వెయ్యాలి. మూలలు నలిగాయి, మడత దగ్గర అచ్చు చెరిగింది. అయినా నన్ను ఇంకా పారెయ్యమాకండి. నా వెనకవైపు కింద రెండు వేళ్ళ జాగా ఉంది. ఇంకో గడి గీసుకోవచ్చు.